మెడ నొప్పికి ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్లొచ్చా?

కాశీబుగ్గ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది: "మావారికి 43 ఏళ్లు. జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తారు. రోజంతా ఫోన్లో ధరలు మాట్లాడుతూ రాసుకుంటూ ఉంటారు. నెలన్నరగా మెడ కుడిపక్క నొప్పి, భుజం దాకా లాగుతోంది, అప్పుడప్పుడు బొటనవేలు తిమ్మిరి. ఆర్ఎంపీ గారు ఇంజెక్షన్లు చేశారు. రెండ్రోజులు తగ్గి మళ్లీ మొదలు. ఎక్స్‌రేలో సీ5-సీ6 (మెడలో ఐదు, ఆరు పూసలు) దగ్గర అరుగుదల, మెడ వంపు తగ్గింది అని రాశారు. లండన్‌లో ఉన్న మా ఆడపడుచుకి ఆస్టియోపాత్ దగ్గర తొందరగా తగ్గిందట, మమ్మల్నీ వెళ్లమంటోంది. విశాఖలో ఒకాయనకి ఫోన్ చేస్తే 'మెడ ఎముక జరిగింది, పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకోండి' అన్నారు. మెడ టక్కుమని తిప్పుతారంటే భయంగా ఉంది. వెళ్లొచ్చా?"

అమ్మా, ఆస్టియోపాత్ అంటే కీళ్లకీ కండరాలకీ చేత్తో వైద్యం చేసే మనిషి. వాళ్ల దగ్గరికి వెళ్లొద్దని నేను అనను. ఫోన్లోనే ఎముక జరిగిందని తేల్చేసిన ఆయన దగ్గరికి మాత్రం వద్దు. మనిషిని చూడకుండా, తిమ్మిరి ఏ వేలికి ఉందో కూడా అడగకుండా పది సిట్టింగులకి లెక్క కట్టేవాళ్ల బోర్డు మీద ఏం రాసి ఉన్నా నాకు ఒకటే.

నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టుని. ఇరవై ఏళ్లు పైబడి ఇదే పని. నా దగ్గరికి వచ్చే మెడ నొప్పులు చాలావరకు మన ప్రాంతపు పనుల్లోంచి వచ్చేవే. పలాస వైపు కూర్చుని జీడిపిక్కలు కొట్టేవాళ్లు, పప్పు మీద పొర తీసేవాళ్లు, పొందూరులో రాట్నం ముందు కూర్చునేవాళ్లు, తల మీద చేపల గంప మోసేవాళ్లు. ఈ మధ్య వీళ్లందరినీ దాటేసి ఫోన్లో తల దూర్చే కాలేజీ పిల్లలు వస్తున్నారు. ఆస్టియోపాత్‌లు చేత్తో చేసే పద్ధతుల్లో చాలా వాటిని మేమూ నేర్చుకుంటాం, రోజూ వాడతాం. కాబట్టి ఎదుటివాడి గిరాకీ చెడగొట్టడానికి రాస్తున్నానని అనుకోకండి.

మీ ఆడపడుచు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కాకపోతే అక్కడి ఏర్పాటు వేరు. ఆస్టియోపతీని 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. ఎముకలు, కీళ్లు, కండరాలు సరిగ్గా పనిచేస్తే శరీరం చాలా జబ్బుల్ని తనే సర్దుకుంటుందని ఆయన నమ్మకం. తర్వాత ఆ వైద్యం దేశానికో రకంగా మారింది. అమెరికాలో ఇప్పుడు డీఓ అనే ఆస్టియోపతీ డిగ్రీ చదివినవాళ్లు పూర్తి స్థాయి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అంటే మందులిచ్చే డాక్టరు కాదు, చేత్తో వైద్యం చేసే మనిషి. అయితే అక్కడ 1993లో వచ్చిన చట్టం ప్రకారం జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. నమోదు లేకుండా పెట్టుకుంటే నేరం. ఏదైనా తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది.

మన దగ్గర ఆ చోటు లేదు. ఎంబీబీఎస్‌కి, ఆయుర్వేదానికి, హోమియోకి ఉన్నట్టు ఆస్టియోపతీకి మన దేశంలో కౌన్సిల్ గానీ ప్రభుత్వ రిజిస్టరు గానీ లేవు. అందుకని ఫిజియోథెరపీ డిగ్రీ చదివి, ఆపైన ఏళ్ల తరబడి ఆస్టియోపతీ నేర్చుకున్న మనిషీ ఆస్టియోపాతే. రెండ్రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకి తగిలించినవాడూ ఆస్టియోపాతే. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. అడగాల్సింది ఒక్కటే: "ఆస్టియోపతీకి ముందు ఏం చదివారండీ?" బీపీటీ, ఎంపీటీ (ఈ రెండూ ఫిజియోథెరపీ చదువులు), ఎంబీబీఎస్, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ ప్రశ్నకే చిరాకు పడితే ఇక కూర్చోనవసరం లేదు, లేచి వచ్చేయండి.

ఇక ఎముక జరగడం సంగతి. మెడలో ఏడు పూసలుంటాయి. డిస్కులు, లిగమెంట్లు, పొరలు పొరలుగా కండరాలు వాటిని పట్టి ఉంచుతాయి. తలగడ సరిగా లేనందుకో, బండి గోతిలో పడినందుకో పూస పక్కకి జరిగిపోదు. నిజంగా జరిగిందంటే అది పెద్ద యాక్సిడెంటు కేసో, కీళ్లవాతం బాగా ముదిరిన కేసో అయ్యుంటుంది. అలాంటి మెడ మీద ఎవరూ చెయ్యి వేసి తిప్పకూడదు, నేరుగా సర్జన్ చూడాలి. అంటే జరగకపోతే సర్దేదేమీ లేదు, జరిగితే ముట్టుకోకూడదు. రెండు రకాలుగానూ ఆ ప్యాకేజీ మాట నిలబడదు.

ఎక్స్‌రేలో "అరుగుదల" అని చూసి మీరు బెంగపడి ఉంటారు. నలభై దాటాక మెడకి ఎక్స్‌రే తీస్తే చాలామందికి సీ5-సీ6 దగ్గర ఏదో ఒకటి కనబడుతుంది. 2015లో వచ్చిన ఒక జపాన్ పరిశోధనలో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీశారు. నూటికి 87 మందికి పైగా డిస్కు ఎంతో కొంత ఉబ్బి కనిపించింది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. "వంపు తగ్గింది" అన్నది కూడా చాలాసార్లు నొప్పికి కండరాలు బిగుసుకున్నందువల్లో, ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కాస్త కిందికి పెట్టినందువల్లో కనబడుతుంది. నేను ఫిల్ము పక్కన పెట్టి ముందు మనిషిని చూస్తాను.

ఆ టక్కుమనే చప్పుడు గురించి. కీలు సందులో జిగురులాంటి ద్రవం ఉంటుంది. కీలుని ఒక్కసారిగా ఎడం చేస్తే లోపల ఒత్తిడి పడిపోయి గ్యాసు ఖాళీ ఏర్పడుతుంది, ఆ చప్పుడు దానిదే. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. వీడియోల్లో మెడ పక్కన మైకు పెట్టి వినిపిస్తారు కాబట్టి అదేదో పూస గూట్లో కూర్చున్నట్టు అనిపిస్తుంది. చప్పుడు తర్వాత కండరాలు వదులై కొన్ని గంటలో, కొన్ని రోజులో హాయిగా ఉండొచ్చు. ఆ హాయి అబద్ధం కాదు.

కానీ ఆ హాయి కోసం మెడని అలా తిప్పించుకోవడం అవసరమా అన్నదే ప్రశ్న. 2012లో అమెరికాలో మెడ నొప్పి ఉన్న 272 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి చేత్తో వెన్ను సర్దే వైద్యం, ఒక గుంపుకి మందులు, మూడో గుంపుకి ఇంట్లో చేసుకునే వ్యాయామాలు, సలహాలు. 12 వారాల తర్వాత మందుల కన్నా చేతి వైద్యం మెరుగ్గా పనిచేసింది. ఇంటి వ్యాయామం దానికి ఏమాత్రం తీసిపోలేదు. మరో సంగతి కూడా పరిశోధనల్లో తేలింది: మెడని మెల్లగా, ఊపుతున్నట్టుగా కదిలించే పద్ధతికీ, ఒక్క కుదుపుతో టక్కుమనిపించే పద్ధతికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫలితం ఒకటే అయినప్పుడు ప్రమాదం తక్కువున్న దారే పట్టాలి కదా. ఎవరు ఏమన్నా ఈ విషయంలో నేను మెత్తబడను.

ప్రమాదం ఎక్కడుందంటే, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల పక్కనున్న చిన్న చిన్న రంధ్రాల్లోంచి పైకి వెళతాయి. తల పక్కకి తిప్పేటప్పుడు సగం కదలిక పై రెండు పూసల మధ్యే జరుగుతుంది. ఆ ధమని మెలి తిరిగేదీ అక్కడే. ఒక్కసారిగా విసురుగా తిప్పితే లోపలి పొర చిట్లి, గడ్డ కట్టి, పక్షవాతం రావొచ్చు. ఇది చాలా అరుదు. వేలమంది చేయించుకుని ఏమీ కాకుండా ఇంటికి వెళ్లారు. పైగా కొందరికి ధమని ముందే చిట్లడం మొదలై, ఆ నొప్పికే మెడ చూపించుకోవడానికి వస్తారు. అందుకే కొత్తగా, ముందెప్పుడూ లేనంతగా వచ్చిన మెడ నొప్పినీ తలనొప్పినీ ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి బ్యూటీ పార్లర్లో తల వెనక్కి వాల్చి కడిగించుకున్నప్పుడు స్ట్రోక్ వచ్చిందని వార్తల్లో చూసే ఉంటారు. 2024లో బళ్లారిలో క్షవరం చేయించుకున్న కుర్రాడికి షాపులో మెడ విరిచాక పక్షవాతం వచ్చిన సంగతీ బయటకొచ్చింది. మీవారికి సెలూన్లో కూర్చున్నప్పుడు "ఓసారి మెడ విరవమ్మా" అనే అలవాటుంటే ఈ రోజుతో మాన్పించండి. ఆస్టియోపాత్ కన్నా నాకు ఆ కుర్చీ అంటేనే ఎక్కువ భయం. ఆస్టియోపాత్ కనీసం బీపీ ఉందా అని అడుగుతాడు.

మన పెద్దవాళ్లు మెడ పట్టేస్తే తలగడ ఎండలో పెట్టమంటారు. పెట్టుకోండి, దానివల్ల ఎవరికీ స్ట్రోక్ రాలేదు.

మీవారి సంగతికి వస్తాను. మీరు రాసిన దాంట్లో నాకు ముఖ్యంగా కనబడినవి రెండు: బొటనవేలి తిమ్మిరి, రోజంతా ఫోను. లెక్కలు రాస్తూ మాట్లాడేవాళ్లు ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. ఆయన కుడిపక్కకి ఇరికిస్తారేమో చూడండి. మెడ ఏ పక్కకి వంగితే ఆ పక్క నరం బయటికొచ్చే సందు ఇరుకవుతుంది. సీ5-సీ6 మధ్య నుంచి వచ్చే నరం బొటనవేలు, చూపుడువేలు వైపు వెళుతుంది. మీరు చెప్పిన చోటే తిమ్మిరి. అంటే ఇది ఉత్త కండరం పట్టు కాదు, నరం కాస్త ఒత్తుకుంటోందని నా అనుమానం.

ఇంట్లోనే ఒకటి గమనించండి. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు ఆయన కుడిచెయ్యి ఎత్తి అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉందంటున్నారా? నరం ఒత్తిడి ఉన్నవాళ్లలో చాలామంది ఎవరూ చెప్పకుండానే అలా పెట్టుకుంటారు. నా క్లినిక్ బెంచీ మీద నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఏ జబ్బో సగం తెలిసిపోతుంది. అలా కాకుండా తిమ్మిరి రాత్రిపూట నిద్ర లేపి, చెయ్యి దులిపితే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటోందేమో చూడాలి. అప్పుడు మెడకి ఎన్ని సిట్టింగులు చేయించినా డబ్బు దండగ.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. వేళ్లన్నీ పూర్తిగా ముడిచి, పూర్తిగా తెరవమనండి, వీలైనంత వేగంగా. పది సెకన్లలో ఇరవైసార్లయినా రావాలి. రెండు చేతులూ చూడండి. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోమనండి. టైల్సు గీత మీద మడమకి బొటనవేలు ఆనించి పది అడుగులు నడవమనండి. ఇవన్నీ తేలిగ్గా చేస్తే సంతోషం. చేతులు మొద్దుబారినట్టు ఆడుతున్నా, గుండీ జారిపోతున్నా, నడకలో తూలుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా ఇది వెన్నుపాము మీద ఒత్తిడి కావొచ్చు. అప్పుడు ఆస్టియోపాతూ వద్దు, నేనూ వద్దు. అదే రోజు న్యూరో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అలాగే జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఎమ్మారై, రక్త పరీక్షలు కావాలి. మన దగ్గర వెన్నుకి టీబీ రావడం కొత్తేమీ కాదు. నొప్పి ఎడమ చేతికి పాకుతూ చెమటలు పడితే మెడ సంగతి వదిలేసి ఈసీజీ తీయించాలి. కళ్లు తిరగడం, చూపు రెండుగా కనబడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, వీటిలో ఏది కొత్తగా వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఆ ఇంజెక్షన్ల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. మీరున్నది ఉద్దానం పక్కన. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మీకు నేను చెప్పాలా? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారంటే ఊరికే తెరవలేదు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు కిడ్నీ మీద భారం వేస్తాయన్నది తేలిన విషయమే. ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగే మనిషికి ఇంకా చేటు. మీవారికి ముందు సీరం క్రియాటినిన్ అనే, కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష చేయించండి. చిన్న పరీక్ష, ఎక్కడైనా చేస్తారు. అది చూడకుండా మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చి వేయొద్దు. ఈ ఒక్క కారణానికైనా మందులు తగ్గించి చేతి వైద్యం, వ్యాయామం వైపు రమ్మని మీ ప్రాంతం వాళ్లకి గట్టిగా చెబుతాను.

మరి మంచి ఆస్టియోపాత్ దగ్గర ఏం జరుగుతుంది? మొదటిరోజు సగం సమయం ప్రశ్నలకే పోతుంది. బీపీ, షుగరు, పాత దెబ్బలు, రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు, కీళ్లవాతం అన్నీ అడుగుతారు. చేతుల బలం, స్పర్శ చూస్తారు, మోచేతి దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూస్తారు. మెడ ఒక్కటే కాకుండా భుజం రెక్కలు, వీపు పైభాగం, ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకలు ఎలా కదులుతున్నాయో కూడా చూస్తారు. తర్వాత కండరాలు మెల్లగా సాగదీయడం, తలని చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా కదిలించడం. "నా చేతికి ఎదురు నెట్టండి, ఇప్పుడు వదిలేయండి" అంటూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేయడం. ఇదంతా హాయిగానే ఉంటుంది. వీపు పైభాగాన్ని కదిలించినా మెడ తేలికపడటం నేను తరచూ చూస్తాను. కుదుపు ఇవ్వాలనుకుంటే ముందు చెప్పి, మీ ఒప్పుకోలు తీసుకోవాలి. "మెడ మీద కుదుపు వద్దండి, తిమ్మిరి ఉంది" అని మీరు ముందే చెప్పండి. అది అడిగే హక్కు మీకుంది. తెలిసినవాళ్లయితే తిమ్మిరి మాట వినగానే వాళ్లే ఆ ఊసెత్తరు.

తల మీద చేతులు ఊరికే ఆనించి పుర్రె ఎముకల లయ సరిచేస్తామనే పద్ధతి ఒకటుంది. దానికి నమ్మదగిన ఆధారం లేదు. నిద్ర పడుతుందేమో గానీ, దానికి డబ్బు పెట్టమని నేను చెప్పను.

కాశీబుగ్గ నుంచి విశాఖ రానూ పోనూ రోజంతా పడుతుంది. వారానికి రెండుసార్లు ఆ ప్రయాణంలో మెడ ఊగడమే ఓ జబ్బు. మీకు దగ్గర్లో రిజిస్టరయిన ఫిజియోథెరపిస్టు ఎవరైనా ఉంటే ముందు అక్కడ చూపించండి. శ్రీకాకుళం వచ్చే పనుంటే, మనం ఇప్పటికీ రిమ్స్ అనే సర్వజన ఆసుపత్రిలో ఎముకల ఓపీలో చూపించి, అక్కడి నుంచే ఫిజియోథెరపీకి రాయించుకోవచ్చు. విశాఖకే వెళ్లాలని ఆయన మనసు పడితే వెళ్లండి, కానీ మొత్తం ప్యాకేజీ డబ్బు ముందే కట్టకండి. ఏ రోజుకి ఆ రోజు ఇవ్వండి. మూడు నాలుగుసార్లలో నొప్పి తగ్గుతున్నట్టో, మెడ ఎక్కువ తిరుగుతున్నట్టో తెలియాలి. తెలియకపోతే ఇంకో ఆరుసార్లకి కొత్తగా ఏమీ జరగదు.

ఈలోగా ఇంట్లో చేయాల్సినవి. ఫోనుకి ఇయర్‌ఫోను కొనండి, భుజం మీద ఫోను ఇరికించడం ఇవాళే ఆపాలి. లెక్కల పుస్తకం బల్ల మీద పడుకోబెట్టకుండా వెనక ఏదైనా పెట్టి కాస్త ఏటవాలుగా నిలబెట్టమనండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పడుకునేటప్పుడు ఒక్క తలగడ చాలు. పక్కకి పడుకుంటే మెడకీ పరుపుకీ మధ్య భుజం ఎత్తు నిండేలా ఉండాలి. బోర్లా పడుకోవడం కొన్నాళ్లు మానాలి. వేడినీళ్ల బ్యాగు పది పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. మెడ పట్టీ రోజంతా వేసుకుంటే కండరాలు బలహీనమవుతాయి. బస్సు ప్రయాణంలో వేసుకుంటే వేసుకోమనండి, అంతే. మెడ నొప్పి పేరు చెప్పి హెల్మెట్ మాత్రం తీయనివ్వకండి.

వ్యాయామం చాలా తేలిక. గోడకి వీపు ఆనించి కూర్చుని, పైకీ కిందికీ చూడకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగాలి, మెడ వెనక సాగినట్టు తెలుస్తుంది. ఐదు సెకన్లు ఉంచి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. అది అలవాటయ్యాక అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతికి ఎదురు మెల్లగా నెట్టడం, అలాగే రెండు పక్కలా, వెనకా. తర్వాత భుజం రెక్కలు రెండూ వెనక్కి దగ్గరికి తేవడం. చేస్తున్నప్పుడు మెడ దగ్గర కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. తిమ్మిరి చేతి కిందికి ఇంకా దిగుతుంటే ఆపేయాలి. తిమ్మిరి చేతిలోంచి పైకి, భుజం వైపు వెనక్కి వస్తుంటే దారి సరైనదే, మెడలో నొప్పి కాస్త పెరిగినట్టనిపించినా సరే.

నరం ఒత్తిడి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. మీవారికి ఇప్పటికే నెలన్నర అయింది కాబట్టి ఇంకో మూడు నాలుగు వారాలు ఇలా గట్టిగా చేసి చూడండి. అప్పటికీ తగ్గకపోయినా, మధ్యలో చేతి పట్టు తగ్గినట్టు కనబడినా, అంటే చెంబు జారిపోవడం, బండి తాళం తిప్పలేకపోవడం లాంటివి, ఎమ్మారై తీయించి న్యూరోసర్జన్‌కి చూపించాలి. మళ్లీ రాస్తే క్రియాటినిన్ ఎంతొచ్చిందో, వేళ్లు పది సెకన్లలో ఎన్నిసార్లు ముడవగలిగారో, నెత్తిన చెయ్యి పెడితే హాయిగా ఉందో లేదో, ఈ మూడూ రాయండి.